పొత్తిళ్లలోకి ఏ గుడ్డ?

గుడివాడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమెకు తొలి మనవడు పుట్టి పన్నెండు రోజులయిందట. పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. "గట్టిగా చుట్టి పడుకోబెడితే నిద్రపోతాడని అందరూ చెబుతున్నారు. బజారులో చుట్టుగుడ్డలు నాలుగయిదు రకాలున్నాయి. జిప్పు ఉన్నవి, అంటించుకునేవి, ఉన్నిలాగా మెత్తగా ఉండేవి, బరువు కోసం లోపల గింజలు పెట్టి కుట్టినవి. ఏది కొనమంటారు? మొన్న మీ అక్కగారి అమ్మాయి పురిటికి వచ్చిందని రాశారు గదా, మీ ఇంట్లో ఏం చేశారు?" అని ప్రశ్న.

పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పుకునే దాన్ని, పసిపిల్లల సంగతి నాకేం తెలుసునని తప్పించుకోవచ్చు. కాని ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. అందులో మేము చేసిన తప్పులు కూడా ఉన్నాయి.

మా అక్కా వాళ్లది మొవ్వ. అమ్మ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. నేను బందరులో ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలకు వెళ్లివస్తూ ఉంటాను. మొవ్వ అనగానే అందరికీ క్షేత్రయ్య గుర్తుకు వస్తాడు. ఆయన తన మువ్వగోపాలుణ్ణి పెద్దవాణ్ణి చేసి, నాయికల చేత నానా మాటలూ అనిపించాడే గాని, ఉయ్యాలలో పడుకోబెట్టి రాత్రి మూడు గంటలకు జోకొట్టి చూడలేదు. చూసి ఉంటే ఆ పదాల ధోరణి మరోలా ఉండేది కాబోలు!

అక్క కూతురికి వైశాఖమాసంలో బందరులో ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. బిడ్డ కడుపులో ఎదురుకాళ్లతో ఉన్నది. ఆరో రోజున మొవ్వ తీసుకువచ్చాము. హైదరాబాదులో ఉన్న అల్లుడు ముచ్చటపడి ఒక చుట్టుగుడ్డ పంపించాడు. తెల్లగా, దూదిపింజలాగా, కుందేలు చెవులతో ఒక టోపీ కూడా దానికే కుట్టి ఉన్నది. పిల్లను అందులో పెట్టి అంటించేస్తే మొహం మాత్రం కనబడుతుంది. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయాము. ఫోటోలు తీసి అల్లుడికి పంపించాము.

ఆ రాత్రి కరెంటు పోయింది. మా వైపు ఎండాకాలం సంగతి మీకు తెలియనిది కాదు. సముద్రం దగ్గర కావడం వల్ల గాలిలో తడి ఎక్కువ. చెమట పడుతుందే గాని ఆరదు. పెద్దవాళ్లం చెంగుతో విసురుకుంటాం, వసారాలోకి వెళ్లి కూర్చుంటాం. కుందేలు చెవుల్లో ఉన్న పిల్ల ఏం చేస్తుంది? ఏడిచి ఏడిచి, ఆ తరువాత ఏడవడం కూడా మానేసింది. "హమ్మయ్య, నిద్రపోయింది" అనుకున్నాము. తెల్లవారి నర్సమ్మ చూడటానికి వచ్చేసరికి పిల్ల పండుమిరపకాయలాగా ఎర్రగా కందిపోయి ఉన్నది. ఒళ్లు కాలిపోతున్నది. జ్వరమని మా అక్క ఒకటే కంగారు.

నర్సమ్మ పిల్ల మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి చూసింది. మాతో ఒక్క మాట కూడా అనకుండా చర్రున ఆ గుడ్డ విప్పేసింది. వీపంతా చెమటపొక్కులు. పలుచని చొక్కా ఒక్కటే వేసి, పాలు పట్టించి, అరగంట పోయాక థర్మామీటరు పెట్టి చూసింది. తగ్గింది. "విప్పి గాలి తగిలేట్టు ఉంచినా తగ్గకుండా నూటికి పైన నాలుగు గీతలు ఉంటే, నెల్లోపు పిల్లకు క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇది జ్వరం కాదు, మీరు పెట్టిన ఉడుకు" అన్నది. అది విన్నప్పటి నా మొహం మీరెవరూ చూడలేదు గనక సరిపోయింది. అంత ఎండలో ఆ బొంతను చూసి "ఎంత మెత్తగా ఉన్నదో" అని మొదట అన్నది నేనే.

అసలు పసిపిల్లను చుట్టడమెందుకు? అది కూడా నర్సమ్మే చూపించింది. వెల్లకిలా పడుకోబెట్టిన పిల్ల తలుపు చప్పుడుకు ఉలిక్కిపడి, రెండు చేతులూ బారచాపి, మళ్లీ ఎవరినో కౌగిలించుకోబోతున్నట్టు దగ్గరకు తెచ్చుకుంటుంది. "దడుచుకున్నది, విభూతి పెట్టండి" అంటుంది మా అమ్మ. 1918లో ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల వైద్యుడు ఈ ఉలికిపాటును వర్ణించి రాశాడు. అందుకని వైద్యులు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి బిడ్డకూ ఉంటుంది. ఆరు నెలల లోపల దానంతటదే పోతుంది. అందాకా పాపం పిల్లకు తన చేతులే తనకు శత్రువులు. కళ్లు మూతపడగానే అవి ఎగిరి లేపేస్తాయి. చేతులు ఒంటికి ఆనించి చుడితే ఉలికిపాటు వచ్చినా మెలకువ రాదు. చుట్టిన పిల్లలు తక్కువసార్లు మేలుకుంటారని, ఎక్కువసేపు నిద్రపోతారని వైద్యులు పరీక్షించి చూసిన సంగతే. అయితే అది చెయ్యవలసిన పని చేతుల దగ్గరే. వెచ్చదనంతో దానికి సంబంధం లేదు. మేము పొరపడ్డది ఇక్కడే.

మన భాషలో దీనికి ఎంత చక్కని మాట ఉన్నదో చూడండి! పొత్తిళ్లు. పాత నిఘంటువుల్లో 'పొత్తుల బిడ్డ' అని కూడా కనిపిస్తుంది. 'పొత్తి' అంటే వట్టి గుడ్డ. పట్టు అని గాని, బొంత అని గాని అందులో లేదు. మా వైపు బిడ్డ పుట్టగానే కొత్తబట్ట తొడగరు. పురుడు వెళ్లేదాకా వాడి వాడి మెత్తబడ్డ నూలు చీరె ముక్కలే. దీన్ని మూఢాచారమని చిన్నప్పుడు నేను వాదించేదాన్ని. తీరా ఎమ్మే చదివేటప్పుడు చరకసంహిత తిరగేస్తే శారీరస్థానంలో సరిగ్గా ఇదే కనిపించింది. పసివాడి పడకా, కప్పుకునే బట్టలూ మెత్తగా, తేలికగా, శుభ్రంగా, మంచి వాసనతో ఉండాలట. చెమట, మురికి, పురుగు పట్టినవి పనికిరావట. వేరే బట్టలు లేకపోతే ఉన్నవాటినే బాగా ఉతికి, ధూపం వేసి, పొడిగా ఆరబెట్టి వాడుకోమన్నాడు. లేనివాళ్ల సంగతి కూడా ఆలోచించిన ఆ చివరి మాటకు నేను చరకుడికి నమస్కారం పెట్టుకున్నాను. ధూపం మాత్రం మానెయ్యండి. సాంబ్రాణి అయినా మరేదయినా పొగ పొగే, పసికందు ఊపిరితిత్తులకు మంచిది కాదని ఇప్పటి వైద్యులు ఖండితంగా చెబుతున్నారు. ధూపం చెయ్యవలసిన పని ఎండ చేస్తుంది.

కాబట్టి గుడివాడ సోదరికి నా జవాబు: ఏమీ కొనకండి. మీ పెట్టెలో మెత్తబడ్డ నూలు చీరె ఒకటి ఉంటుంది, అది తియ్యండి. విదేశాల్లో తల్లులు ఏరికోరి బోలెడంత డబ్బు పోసి కొనే 'మస్లిన్' చుట్టుగుడ్డ కూడా పల్చని నూలుబట్టే. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే ఓడవర్తకుల పుస్తకంలో మన తీరాన్ని 'మసాలియా' అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని చెప్పారు. అంత పేరుపడ్డ బందరు గడ్డ మీద కూర్చుని మేము పిల్లకు ప్లాస్టిక్కు నూలు బొంత చుట్టాము!

అయితే పాత చీరె అనగానే పెట్టెలోంచి తీసి చుట్టెయ్యకూడదు. మా అమ్మ తీసిన చీరె గుప్పున కలరా ఉండల వాసన వేసింది. బట్టలు పురుగు కొట్టకుండా వేస్తామే, ఆ తెల్లగోళీలు. వాటి ఆవిరి పీల్చితే కొందరు పిల్లలకు, అంటే రక్తంలో ఒకానొక పదార్థం పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకు, ఎర్రకణాలు విరిగిపోయి పచ్చకామెర్లు ముదురుతాయి. మగపిల్లల్లో ఈ లోపం ఎక్కువ. మీ పిల్లవాడికి ఆ లోపం ఉన్నదో లేదో పైకి చూస్తే తెలియదు. అందుచేత ఆ ఉండలు తగిలిన బట్ట పసిపిల్ల దగ్గరకు రానివ్వకండి. మేము ఆ చీరె పక్కన పడేసి, అమ్మ రోజూ కట్టుకునేదే ఒకటి తీసుకున్నాము. దానికి గంజి. గంజి పెట్టని నూలుచీరె మా అమ్మ ఒంటిమీద నేనెన్నడూ చూడలేదు. రెండుసార్లు వేణ్ణీళ్లలో నానబెట్టి పిండి, సబ్బు చుక్క మిగలకుండా జాడించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేశాము. జరీ అంచు గీరుకుంటుంది గనక కత్తిరించేశాము. మిగిలిన వెడల్పు ఎంత ఉన్నదో అంత పొడుగు కొలుచుకుని చదరంగా కోశాము. రెండు మూరల పైన వచ్చింది. ఒక చీరెకు నాలుగయిదు ముక్కలు. పసిపిల్లలున్న ఇంట్లో అవి ఎక్కువ కావు. పెడన అద్దకపు బట్ట కొత్తది ఉంటే అదీ వాడుకోవచ్చు గాని, నాలుగయిదు ఉతుకులు పడి రంగూ బిరుసూ పోయిన తరువాతనే.

గుడ్డ సంగతి తేలింది గదా అనుకుంటే, చుట్టే దగ్గర అసలు తగాదా వచ్చింది.

మా అమ్మ పిల్ల రెండు కాళ్లూ సాగదీసి, మోకాళ్లు కలిపి, కర్రలాగా నిటారుగా చుట్టబోయింది. "కాళ్లు వదిలేస్తే దొడ్డికాళ్లు వస్తాయి. మేమంతా ఇట్లాగే కట్టాము" అన్నది. అక్క కూతురు ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది పట్టుకుని కూర్చున్నది. కాళ్లు వదులుగా, కప్ప కాళ్లలాగా మడిచి ఎడంగా ఉండాలి, చుట్టిన గుడ్డలో వాటిని ఆడించుకునే చోటుండాలి అని. "పదిమందిని పెంచినదాన్ని, నాకు చెప్పొచ్చావా" అని అమ్మ. "అమ్మమ్మా, నా పిల్ల నా ఇష్టం" అని అది. మధ్యలో మా అక్క ఏడుపు.

తుంటి దగ్గర కాలి ఎముక తల బంతిలాగా ఉండి, గిన్నె వంటి గుంటలో కూర్చుని ఉంటుంది. పుట్టిన బిడ్డకు ఆ గిన్నె లోతు తక్కువ, ఇంకా మెత్తన. కాళ్లు మడిచి ఎడంగా ఉంచితే బంతి గిన్నెలో కుదురుకుంటుంది. సాగదీసి బిగించి రోజుల తరబడి కట్టేస్తే జారిపోయే ప్రమాదమున్నది. జపానులో పిల్లల కాళ్లు చాపి కట్టే అలవాటు ఉండేది. 1975 ప్రాంతాల్లో దాన్ని మానమని దేశమంతటా ప్రచారం చేస్తే, తుంటికీలు తొలగిన పిల్లల సంఖ్య ఎంతగానో తగ్గిపోయింది. మనవాళ్లు పిల్లను చంకనెత్తుకుంటారు చూడండి, నడుముకు అటొక కాలు, ఇటొక కాలు వేసి. అది ఈ కీలుకు మంచి భంగిమ. అంటే, చంకనెత్తుకోవడం తెలిసిన జాతి చుట్టేటప్పుడు మాత్రం ఎందుకో తప్పుచేసింది. చేతులు కట్టుబడాలి, కాళ్లు కట్టుబడకూడదు. ఐరోపాలోనూ ఒకప్పుడు పట్టీలతో పిల్లలను కొయ్యబొమ్మల్లాగా బిగించేవారు. 1762లో రూసో 'ఎమీల్' అనే గ్రంథంలో దాని మీద మండిపడ్డాడు. కాకపోతే ఆయనగారు తన పిల్లలందరినీ అనాథాశ్రమానికి పంపించాడు గనక, మా అమ్మ ముందు ఆయన సాక్ష్యం చెల్లదని నేను ఆ పేరెత్తలేదు.

అన్నీ చెప్పాను. అమ్మ వినలేదు. అప్పుడు అక్క కూతురు అన్నది, "డాక్టరమ్మ ఇంకోటి కూడా అడిగింది, మన ఇంట్లో ఎవరికయినా పుట్టుకతో కాలు కుంటా అని. ఆడపిల్ల, తొలిచూలు, ఎదురుకాళ్లు, ఇంట్లో ఎవరికయినా ఉండటం, ఇవన్నీ చూస్తారట."

అమ్మ చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది.

మా పిన్నికి ఎడమకాలు కుంటి. పోయి తొమ్మిదేళ్లయింది. నడిచేటప్పుడు ఒక పక్కకు ఒరిగేది. ఉయ్యాలలోంచి పడిందనేవారు కొందరు, ఎవరిదో దిష్టి అనేవారు కొందరు. పెళ్లి ఆలస్యమయింది. సంబంధాలు వచ్చినప్పుడల్లా చాపమీద ముందే కూర్చోబెట్టేవాళ్లు, నడవకుండా. ఆవిడ కూడా ఎదురుకాళ్లతో పుట్టినదే, ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో.

చాలాసేపటికి అమ్మ అన్నది, "అప్పటికి నాకు పదేళ్లు. మా అమ్మ లేవలేని బాలింతరాలు. దాని కాళ్లు రోజూ కట్టింది నేనేనే."

మరునాడే ఆవిడను వెంటబెట్టుకుని బందరు వెళ్లాను. డాక్టరమ్మ మా అమ్మ చెప్పిందంతా ఓపికగా విన్నది. "ఎదురుకాళ్ల ఆడపిల్లకు ఎవరూ ఏమీ చెయ్యకపోయినా కీలు తొలగి ఉండవచ్చునమ్మా. కట్టినందువల్లే అయిందని ఇప్పుడు ఎవరు చెప్పగలరు? అప్పుడు మీరూ చిన్నపిల్లలే. మీ మీద వేసుకోకండి" అన్నది. ఆ తరువాత పిల్లకు ఆరువారాలు నిండగానే తుంటికి స్కానింగు తీయించమని రాసిచ్చింది. పసితనంలోనే కనిపెడితే నడుముకూ కాళ్లకూ పట్టీలు వేసి కొన్నాళ్లు ఉంచితే చాలామందికి చక్కబడుతుందట. నడక వచ్చాక బయటపడితే ఆపరేషను దాకా పోతుంది. ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లలున్నవాళ్లు ఈ స్కానింగు సంగతి డాక్టరును అడిగి తెలుసుకోండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇంత రాశాననుకున్నా సరే.

తిరిగి వచ్చాక చుట్టింది అమ్మే. ఎట్లా అంటే, చదరపు గుడ్డను మూలగా పరిచి, పై మూల లోపలికి మడవాలి. ఆ మడత పిల్ల భుజాల దగ్గరకు రావాలి, చెవుల దగ్గరకు కాదు. చేతులు పక్కలకయినా ఉంచవచ్చు, మోచేతులు మడిచి గుండెల మీదయినా ఉంచవచ్చు. రెండోదే మా పిల్లకు నచ్చింది. ఒక కొంగు గుండెల మీదుగా తెచ్చి వీపు కిందకు దోపాలి. కాళ్ల వైపు మూల వదులుగా పైకి మడిచి, రెండో కొంగు చుట్టి దోపెయ్యాలి. పిన్నీసు పెట్టకూడదు. గుండెకూ గుడ్డకూ మధ్య మన రెండు మూడు వేళ్లు పట్టాలి. కాళ్ల దగ్గర మాత్రం సంచిలాగా ఉండాలి. ఒక్క పొరే. లోపల పలుచని చొక్కా, ఎండ మరీ మండితే అదీ అక్కరలేదు. నెత్తిన టోపీ వద్దు. మెడ వెనక చెమట తగిలితే విప్పెయ్యడమే. మాఘమాసంలో పుట్టిన పిల్ల అయితే రెండు పొరలు వెయ్యండి. నెల తక్కువ పిల్లల సంగతి వేరు, వాళ్లకు వెచ్చదనం ఎంతో ముఖ్యం, అది డాక్టరు చెప్పినట్టే చెయ్యాలి. ఇప్పటికే జిప్పుదో అంటించేదో కొనేసి ఉంటే పారెయ్యనక్కరలేదు. పల్చని నూలుదయి, కాళ్లు ఎడంగా మడుచుకునే చోటుంటే సరే. గింజలు కుట్టిన బరువుగుడ్డ మాత్రం వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో స్పష్టంగానే చెప్పింది.

చుట్టిన పిల్లను వెల్లకిలా తప్ప మరో విధంగా పడుకోబెట్టకూడదు. నిద్రలోనే ఊపిరి ఆగి పోయే పసిపిల్లల మరణాలు, 1990 తరువాత పాశ్చాత్య దేశాల్లో వెల్లకిలా పడుకోబెట్టమని చెప్పడం మొదలుపెట్టాక సుమారు సగానికి తగ్గాయి. చేతులు కట్టుబడిన పిల్ల బోర్లాపడితే తల తిప్పుకోలేదు. అందుచేత పక్కకు ఒత్తిగిలడానికి ప్రయత్నం మొదలుపెట్టిన రోజే, రెండో నెలైనా మూడో నెలైనా, చుట్టడం ఆపెయ్యాలి. తల కింద దిండు వద్దు, తల గుండ్రంగా రావడానికి పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. మన డెల్టా దోమలకు భయపడి మొహం మీద పైటచెంగు కప్పుతారు కొందరు. దాని బదులు దోమతెర కట్టండి.

ఇంకొకటి. నిద్రపోయే పిల్ల బుద్ధిమంతురాలని మురిసిపోయి పాలు మరవకూడదు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగాలి. ఆకలేసిన పిల్ల ముందుగా చెయ్యి నోటి దగ్గరకు తెచ్చుకుని చెబుతుంది. ఆ చేతులు మనం కట్టేశాం గనక, గడియారం మనమే చూసుకోవాలి. పాలిచ్చేటప్పుడు విప్పెయ్యండి. గుడివాడ మనవడి రాత్రి జాగారానికి గుడ్డ ఒక్కటే మందు కాదు. వాడికి ఇంకా పగలూ రాత్రీ తేడా తెలియదు. పగలు కిటికీలు తెరిచి ఇంటి చప్పుళ్లు వినిపించనివ్వండి, రాత్రి దీపం తగ్గించి కబుర్లు మానండి. కొన్ని వారాలు పడుతుంది. మా పిల్లకు చీరెముక్క చుట్టిన మొదటి రాత్రి వరసగా రెండున్నర గంటలు పడుకున్నది. అది మాకు కుంభకర్ణుడి నిద్రలాగే అనిపించింది.

పోయిన శనివారం ఆరువారాలు నిండాయి. స్కానింగు తీశారు. బంతి గిన్నెలో చక్కగా కూర్చుని ఉన్నదని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ రెండుసార్లు చెప్పించుకుని విన్నది. బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి నడుం వాల్చి మూలుగుతూ నన్ను పిలిచింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. మా పిన్ని బతికినన్నాళ్లూ వీధిలో ముసలివాళ్లందరూ ఆవిడ చేత తొక్కించుకునేవారు. ఎడమకాలి మీద నిలబడలేదు గనక కిటికీ ఊచ పట్టుకుని కుడికాలితో తొక్కేది.

"ఏమే, నువ్వు చదువుకున్నదానివి గదా. ఆపరేషను చేసి తీసిన పిల్లకు ఆ మహిమ ఉంటుందంటావా?" అని అడిగింది అమ్మ.

దానికి శాస్త్రప్రమాణం నాకెక్కడా కనబడలేదని చెప్పాను.

"సరేలే, దానికి నడక రానీ. రెండు కాళ్లతోనూ తొక్కించుకుని చూస్తాను" అని అటు తిరిగి పడుకున్నది.